గమర్ అన్నందుకు తప్పు వేశాను

ఐదేళ్ల బాబు. వినపడని చెవి లోపల ఆపరేషన్ చేసి అమర్చే పరికరం, కాక్లియర్ ఇంప్లాంట్, పెట్టి అప్పటికి ఏడాదిన్నర. రియాద్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో, బయటి చప్పుడు రాని పరీక్ష గది, అంటే బూత్ లోపల, వాళ్ల అమ్మమ్మ పక్కన కాళ్లూపుకుంటూ కూర్చున్నాడు. స్పీకర్‌లో ఒక మాట వస్తుంది, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. ‘ఖమర్’ అని వచ్చింది. అంటే చంద్రుడు. వాడు వెంటనే ‘గమర్’ అన్నాడు. అద్దానికి ఇవతల కూర్చున్న నేను కాగితం మీద ఇంటూ పెట్టాను. ఒక్క హల్లు మారినా మాట మొత్తం తప్పు కింద లెక్క. అది మా రూలు.

25 మాటలు పూర్తయ్యేసరికి వాడికి వచ్చినవి 11. బయటికి వచ్చాక షీటు చూపించి, పోయినసారి కంటే పెద్దగా మెరుగు లేదని చెప్పాను. ఆ పెద్దావిడ కాసేపు నా మొహంలోకి చూసి, “యా బింతీ, మా ఇంట్లో అందరం గమర్ అనే అంటాం. వాడు సరిగ్గానే విన్నాడు కదా” అన్నారు. బింతీ అంటే మన ‘అమ్మాయీ’ లాంటిది. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఆ రాత్రి ఇంటికి వెళ్లాక ఆ షీటు మళ్లీ ముందేసుకున్నాను. నేను ఇంటూ పెట్టిన 14 మాటల్లో నాలుగు ఇలాంటివే. బాబు విన్నాడు, తన ఇంటి యాసలో చెప్పాడు, నేను తప్పు వేశాను. ఆ ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఎంతమంది పిల్లలకు ఇలా వేసి ఉంటానో తలుచుకుంటే నిద్ర పట్టలేదు.

నాది నిజామాబాద్. మైసూరులో ఆడియాలజీ, అంటే వినికిడికి సంబంధించిన చదువు, చదువుకున్నాను, కొన్నాళ్లు హైదరాబాద్‌లో చేసి రియాద్ వచ్చాను. చెవి పరీక్ష అనగానే అందరికీ గుర్తొచ్చేది హెడ్‌ఫోన్‌లో బీప్ అని వినిపిస్తే చెయ్యెత్తడం. ఆ ఆడియోగ్రామ్ వల్ల ఏ శ్రుతి ఎంత మెల్లగా వినపడుతోందో తెలుస్తుంది. మాట అర్థమవుతోందా లేదా అన్నది దానితో తేలదు. ఒకే రకం ఆడియోగ్రామ్ ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు ఫోన్లో తాతయ్యతో కబుర్లు చెప్తారు, ఇంకొకరు పేరు పెట్టి పిలిచినా తిరగరు. అందుకే మాటలతో పెట్టే పరీక్ష కావాలి. మెషీన్ సెట్టింగులు మార్చాలా, థెరపీలో ఏ శబ్దం మీద పనిచేయాలి, రెండో చెవికి కూడా ఇంప్లాంట్ అవసరమా అన్నవి చాలావరకు ఆ మార్కుల మీదే ఆధారపడతాయి. మాటల లిస్టు తప్పయితే పిల్లల జీవితంలో నిర్ణయాలే తప్పుతాయి.

మా దగ్గర రెండు లిస్టులు ఉండేవి. ఒకటి పెద్దవాళ్ల కోసం ఫుస్‌హాలో, అంటే బడిలో, వార్తల్లో, పుస్తకాల్లో వాడే అరబ్బీలో రికార్డు చేసింది. రెండోది చిన్నపిల్లల కోసం బొమ్మలతో చేసింది. ఎవరో ఎప్పుడో ఇంగ్లీషు పరీక్షను అరబ్బీలోకి అనువదించి పెట్టారు. ఇంగ్లీషులో బాల్, వాల్, డాల్ అని ఒకే పేజీలో మూడు బొమ్మలు పెడతారు. మూడూ దాదాపు ఒకలాగే ఉంటాయి, మొదటి హల్లు పట్టుకుంటే తప్ప సరైన బొమ్మ చూపించలేరు. ఆ పరీక్షలో పస అంతా అక్కడే ఉంది. అరబ్బీలోకి మారిస్తే అవి కురా, జిదార్, దుమ్యా అయ్యాయి. మూడింటికీ పోలికే లేదు. అచ్చులు విన్నా చాలు, మాట సాగిన తీరు విన్నా చాలు, వేలు సరైన బొమ్మ మీదికి వెళ్లిపోతుంది. ఒక లిస్టు వినే పిల్లలకు మార్కులు కోస్తోంది, ఇంకో లిస్టు వినని పిల్లలకు మార్కులు వేస్తోంది. ఏళ్ల తరబడి ఇది నడిచింది, అందులో నా చేతులూ ఉన్నాయి.

మా స్పీచ్ థెరపిస్ట్ జోర్డాన్ అమ్మాయి. ఆమెతో చెప్పాను. తను నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు. “మరి కొత్త లిస్టు మొదలుపెడదామా” అంది. మూడో మనిషిగా ఒక కిండర్‌గార్టెన్ టీచరుగారు తోడయ్యారు. రియాద్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, వాళ్ల చిన్నమ్మాయికి హియరింగ్ ఎయిడ్ మా దగ్గరే పెట్టాం. ఈ పనిలో అసలు చెవి ఆవిడదే. అరబ్బీ నాకు ఉద్యోగంలో నేర్చుకున్న భాష, ఆవిడకు అమ్మ భాష.

ఇలాంటి పని మాతోనే మొదలవలేదు. సౌదీ పిల్లల కోసం 1985లోనే అషూర్, ప్రొచాజ్కా అనే ఇద్దరు మాటల లిస్టు తయారుచేసి ప్రచురించారు. అది చదివి చాలా నేర్చుకున్నాను. కానీ దాదాపు నలభై ఏళ్లలో మూడేళ్ల పిల్లల నోట్లో నలిగే మాటలు మారిపోయాయి. ఇప్పుడున్న పిల్లల మాటలు ఇప్పుడున్న ఇళ్లలో నుంచే ఏరుకోవాలి.

ముందు తేల్చుకోవాల్సింది ఏ అరబ్బీ అన్నది. ఫుస్‌హాకీ ఇంటి మాటకీ మధ్య ఉన్న దూరం మనకు కొత్తేమీ కాదు, గిడుగు రామమూర్తి గారి పోరాటం గుర్తు తెచ్చుకుంటే చాలు. భాషాశాస్త్రంలో ఈ పరిస్థితిని డైగ్లాసియా అంటారు. 1959లో చార్లెస్ ఫెర్గూసన్ అనే భాషావేత్త దీని మీద రాసిన వ్యాసంలో అరబ్బీయే ముఖ్యమైన ఉదాహరణల్లో ఒకటి. ఫుస్‌హాలో గుండెను ‘ఖల్బ్’ అంటారు, ఆ ఖ గొంతు లోపలి నుంచి రావాలి. రియాద్‌లో అది ‘గల్బ్’, కైరోలో ‘అల్బ్’. కుక్క ‘కల్బ్’, కువైట్ వైపు అదే ‘చల్బ్’. ఖల్బ్, కల్బ్ అనే జంట అరబ్బీ పరీక్షల్లో అందరూ వాడాలనుకునే జంట. కానీ రియాద్ పిల్లలకు అది గల్బ్, కల్బ్. అప్పుడు మనం పరీక్షిస్తున్నది గొంతు లోపలి శబ్దానికీ బయటి శబ్దానికీ ఉన్న తేడా కాదు, క, గ ల మధ్య తేడా. జంట అదే, పరీక్ష వేరైపోయింది. మూడేళ్ల పిల్లలకు ఫుస్‌హా కార్టూన్లలో వినబడుతుంది కానీ అమ్మ ఆ భాషలో అన్నం తినమనదు. రియాద్ ఇంటి మాటే తీసుకుందామని ముగ్గురం ఒక మాట అనుకున్నాం. వేరే ఊళ్లకు ఈ లిస్టు పనికిరాదని ఆ రోజే కాగితం మీద రాసి పెట్టుకున్నాం.

మాటలు ఏరడానికి అమ్మలను అడిగాం. వెయిటింగ్ హాల్లో కూర్చున్న వాళ్లకు కాగితం, పెన్ను ఇచ్చి “నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా మీ పిల్ల నోటి నుంచి వచ్చిన వస్తువుల పేర్లు రాయండి” అన్నాం. టీచరుగారు తన క్లాసులో మూడు వారాలు చెవి ఒగ్గి విని నోటుబుక్కు నింపారు. పుచ్చకాయ దగ్గరే అరగంట చర్చ. జోర్డాన్ అమ్మాయికి అది ‘బత్తీఖ్’, టీచరుగారికి ‘హబ్‌హబ్’, గల్ఫ్ తీరం నుంచి వచ్చిన ఒక అమ్మకు ‘జిహ్’. నాకు మా ఇంటి గొడవ గుర్తొచ్చింది. నేను ఆనపకాయ అంటే మా తోడికోడలు సొరకాయ అంటుంది, నేను పల్లీలు అంటే తను శెనక్కాయలు అంటుంది. పుచ్చకాయను లిస్టులోంచి తీసేశాం. ఊరూరికీ పేరు మారే ప్రతి వస్తువునూ తీసేశాం.

నోటుబుక్కులో ఈ మాటలన్నీ నేను తెలుగులో రాసుకునేదాన్ని, వేగంగా వస్తుందని. రెండో వారంలో నా రాత చూసుకుంటే ‘తీన్’ రెండుసార్లు ఉంది. ఒకటి అంజీర పండు, ఇంకోటి బురద. అరబ్బీలో ఆ రెండు త లు వేరు. రెండోది నాలుక వెనక భాగాన్ని బిగించి, నోరంతా నింపుకుని పలకాలి. అది మన ట కాదు. మొదట్లో నేను ట అనే పలికేదాన్ని, టీచరుగారు తల అడ్డంగా ఊపేవారు. అలాగే ‘సైఫ్’ అంటే కత్తి, బరువైన స తో అంటే ఎండాకాలం. చిత్రమేమిటంటే ఈ తేడా చెవికి చేరేది హల్లు ఒక్కదాని నుంచే కాదు, దాని పక్కనున్న అచ్చు నుంచి కూడా. బరువైన హల్లు పక్కన అచ్చు రంగు మారి, కాస్త ముదురుగా, లోతుగా వస్తుంది. అందుకే సన్నని స శబ్దం అసలు వినపడని పిల్ల కూడా ఆ అచ్చును పట్టుకుని ఏది కత్తో ఏది ఎండాకాలమో చెప్పగలదు. మార్కులు చూసి ‘ఈ పిల్లకు స వినిపిస్తోంది’ అనుకుంటే పొరపాటే. ఇది తెలిశాక ఏ జంట పక్కన ఏ జంట పెట్టాలో మళ్లీ ఆలోచించాం.

బొమ్మ గీయగలిగే మాటలే కావాలి, అది ఇంకో చిక్కు. కత్తిని గీయగలం, ఎండాకాలాన్ని ఎలా గీస్తాం? బురద గీయిస్తే పిల్లలు చాక్లెట్ అన్నారు. చెట్టు కోసం ఖర్జూరం చెట్టు గీయిస్తే ‘షజరా’ అనకుండా ‘నఖ్లా’ అన్నారు, ఆ చెట్టుకు ప్రత్యేకంగా పేరుంది మరి. మొదట గీసిన ఇల్లు ఏటవాలు కప్పుతో ఉంది, అలాంటి ఇల్లు ఆ పిల్లలు చూడలేదు. చదునైన డాబా, చుట్టూ ఎత్తు ప్రహరీ గీస్తే అప్పుడు ‘బేత్’ అన్నారు. నిలబడ్డ జంటలు కొన్ని నాకు ఇప్పటికీ నోటికొచ్చు. ఫీల్ ఏనుగు, ఫూల్ చిక్కుడు గింజలు. మోజ్ అరటిపండు, లోజ్ బాదం. జమల్ ఒంటె, జబల్ కొండ. హమామ్ పావురం, మధ్య మ ఒత్తితే హమ్మామ్, బాత్‌రూమ్. ఒత్తుకూ దీర్ఘానికీ అర్థం మారిపోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ జంటల దగ్గర మాత్రం నా తెలుగు చెవి బాగా ఉపయోగపడింది.

బొమ్మల పుస్తకం బైండింగ్ కూడా తిరగబడింది. మన అలవాటు ప్రకారం ఎడమ వైపు కుట్టించాను. పిల్లలు దాన్ని వెనక నుంచి తెరిచారు. వాళ్ల పుస్తకాలు కుడి నుంచి ఎడమకు కదా. మళ్లీ కుట్టించాం.

రికార్డింగుకు ముందు వార్తలు చదివే గొంతు ఉన్న ఒకావిడను పిలిచాం. చక్కటి గొంతు. కానీ మైకు ముందు కూర్చోగానే నోట్లోంచి ఫుస్‌హా వస్తోంది, గల్బ్ అనమంటే ఖల్బ్ అంటున్నారు. చివరికి మా టీచరుగారే చదివారు. ఒక్కో మాట నాలుగైదు సార్లు చదివించి మంచిది ఏరుకున్నాం. అన్ని మాటల సగటు శబ్దస్థాయి ఒకటి చేసి, మొదట్లో 1000 హెర్ట్జ్ టోన్ పెట్టాం, వినికిడి కొలిచే ఏ మెషీన్‌తోనైనా (ఆడియోమీటర్) సరిచూసుకోవడానికి.

అసలు దెబ్బ తగిలింది బాగా వినే పిల్లల మీద ట్రయల్ వేసినప్పుడు. ఆదేశంగా ‘వేన్’ అని పెట్టుకున్నాం, అంటే ‘ఎక్కడ’. ‘చూపించు’ అందామంటే అరబ్బీలో మగపిల్లాడికి ఒకలా, ఆడపిల్లకు ఒకలా మారుతుంది, ‘వేన్’కు ఆ బాధ లేదు. శబ్దం కావాలనే బాగా తగ్గించి వినిపిస్తున్నాం, పిల్లలు తడబడాలి, ఏ మాట కష్టమో ఏ మాట తేలికో తెలియాలి. నాలుగేళ్ల పిల్ల ఒకతి, జుట్టుకు ఎర్ర రిబ్బను. పేజీలో నాలుగు బొమ్మలు. ‘వేన్ అష్‌...’ అని వస్తుండగానే, మాట పూర్తి కాకముందే, దాని వేలు సూర్యుడి మీద ఉంది. తర్వాతి పేజీలోనూ అంతే. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను. అప్పుడు వెలిగింది.

అరబ్బీలో ఫలానాది అని చెప్పేటప్పుడు నామవాచకం ముందు, ఇంగ్లీషు ‘ది’ లాగా, ‘అల్’ చేరుతుంది. 28 హల్లుల్లో 14 సూర్యాక్షరాలు, 14 చంద్రాక్షరాలు. చంద్రాక్షరం ముందు ‘అల్’ అలాగే ఉంటుంది, అల్‌గమర్. సూర్యాక్షరం ముందు మాత్రం ఆ ల వెనక వచ్చే హల్లులో కలిసిపోయి ద్విత్వమవుతుంది, షమ్స్ (సూర్యుడు) కాస్తా అష్షమ్స్. మన సంధి లాంటిదే. అంటే మేం అడగాల్సిన హల్లును ఆదేశమే ముందుగా ఒత్తి మరీ చెప్పేస్తోంది. ల అలాగే వినపడితే సూర్యాక్షరాలతో మొదలయ్యే బొమ్మలను పిల్ల చూడనవసరమే లేదు. ముగ్గురం అన్నేసి రోజులు కూర్చుని ఏరిన మాటలకు జవాబు మేమే పక్కన పెట్టి ఇస్తున్నాం. టీచరుగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. “ఇది మేం పుట్టినప్పటి నుంచీ అంటున్నాం, ఒక్కసారీ వినలేదు” అన్నారు.

మొత్తం మళ్లీ రికార్డు చేశాం. ‘వేన్?’ అని విడిగా, తర్వాత కాస్త ఖాళీ, ఆపైన ‘అల్’ లేకుండా ఉత్త మాట. వినడానికి కొంచెం కృతకంగా ఉంటుంది, పిల్లలు రెండు పేజీల్లో అలవాటు పడిపోతారు.

రంజాన్ నెల ఈ మధ్యలోనే వచ్చింది. పిల్లలు రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోతారు. అపాయింట్‌మెంట్లు ఇఫ్తార్ తర్వాతకు మార్చుకున్నాం. రాత్రి తొమ్మిదిన్నరకు బూత్‌లో పిల్లలు హుషారుగా ఉండేవారు, మేమే ఆవలింతలు ఆపుకునేవాళ్లం.

మార్కుల గురించి ఒక్క విషయం తల్లిదండ్రులకు చెప్పి తీరాలని నా పట్టుదల. నాలుగు బొమ్మల్లో ఒకటి చూపించే పరీక్షలో ఏమీ వినకపోయినా గుడ్డి లెక్కన పావు వంతు వచ్చేస్తాయి. ఇంకోటి, 25 మాటల లిస్టులో సగం తెచ్చుకున్న పిల్లకు తర్వాతిసారి రెండు మూడు మాటలు పెరిగినా తగ్గినా దానికి అర్థం లేదు. అది అదృష్టం వల్ల అటూ ఇటూ ఊగే ఊగిసలాట. ఏడు మాటల దాకా తేడా వస్తే తప్ప నిజంగా మారిందని చెప్పలేం. ఒకప్పుడు రెండు మాటలు తగ్గాయని నేను ఒక అమ్మను ఏడిపించాను. అందుకే ఇప్పుడు రిపోర్టులో మార్కుల కంటే ముందు ఏ శబ్దాన్ని ఏ శబ్దంగా విన్నారో రాస్తాం.

కొత్త పుస్తకం చేతికొచ్చాక మొదటి వారాల్లోనే ఆ బాబు మళ్లీ వచ్చాడు. ఇప్పుడు ఆరు దాటింది, ముందు పళ్లు రెండు ఊడాయి. అదే అమ్మమ్మ. గమర్ వచ్చింది, చంద్రుడి మీద వేలు పెట్టాడు. ఫీల్, ఫూల్ తడబడలేదు. గలమ్ అంటే పెన్ను, అలమ్ అంటే జెండా, రెండూ సరిగ్గా చూపించాడు. జమల్ అనగానే కొండ చూపించాడు. మళ్లీ ఇంకో వరసలో జబల్ వచ్చినప్పుడు ఒంటె. మ, బ ఉన్న ప్రతి పేజీలో అంతే, మిగతావన్నీ దాదాపు సరే. పాత లిస్టులో ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. మ లో ఉండే ముక్కు శబ్దం బాగా మంద్రంలో ఉంటుంది, ఇంప్లాంట్‌లో ఆ మంద్ర భాగం సెట్టింగు చూడాలని రాసుకున్నాను. థెరపిస్ట్ కూడా రాసుకుంది.

అమ్మమ్మగారికి షీటు చూపించి, మ, బ ఒకేలా వినపడుతున్నాయని చెప్పాను. ఇంకో విషయం కూడా చెప్పాను. వాడు పెదవులు చూసి చాలా మాటలు పట్టేస్తాడు, కానీ ఈ రెండింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి, చూసి లాభం లేదు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, “మామా, బాబా” అన్నారు. అరబ్బీలో మామా అంటే అమ్మ, బాబా అంటే నాన్న. మామా పిలుస్తోంది పో అంటే వాళ్ల నాన్న దగ్గరికి పరిగెత్తేవాడట. చెప్పిన మాట వినడని ఇంట్లో పేరు పడిపోయిందట.

బొమ్మల పుస్తకం ఇంటికిస్తే నేర్పిస్తానని అడిగారు. ఇవ్వలేనని చెప్పడం నాకు కష్టమైంది. ఆ బొమ్మలు బట్టీ పట్టేస్తే తర్వాత వాడి చెవి గురించి ఆ పుస్తకం మాకేమీ చెప్పదు. దానికి బదులు మ, బ లతో వేరే మాటలు టీచరుగారి చేత రాయించి ఇచ్చాం. ఆవిడ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నారు.

నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. లిఫ్టు కోసం ఆగినప్పుడు ఆవిడ బాబును ముందుకు తిప్పి, తను వెనక నిలబడి, మెల్లగా “మామా” అన్నారు. వాడు కదల్లేదు. ఆవిడ మళ్లీ అన్నారు.